కరివేపాకు మీద ఆ పక్షి రెట్టను తుడిచేయకండి: ఇంటి మొక్కల్లో బతికే జీవాలతో పరిచయం పెంచుకునే పద్ధతి

హైదరాబాద్ మల్కాజిగిరిలో మాది మూడో అంతస్తు. ఎనిమిది అడుగుల బాల్కనీ, డాబా మీద ఒక మూల పద్నాలుగు కుండీలు, అంతే మా తోట. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో కరివేపాకు మీద పక్షి రెట్టల్లా నల్లగా తెల్లగా మచ్చలు కనిపిస్తే తడిగుడ్డతో తుడిచేసేదాన్ని. ఒకరోజు అందులో ఒకటి కదిలింది. దగ్గరికి వెళ్ళి చూస్తే గొంగళిపురుగు! పిట్టలు తినకుండా రెట్ట వేషం వేసుకుని కూర్చుంది. సరే, ఏమవుతుందో చూద్దామని వదిలేశాను. కొన్ని రోజులకు పచ్చగా మారింది, వేలితో తాకితే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములాంటిది బయటపెట్టి ఘాటు వాసన వదిలింది, ఆ తర్వాత కొమ్మకు సన్నని దారంతో తనను తాను కట్టేసుకుని గూడయిపోయింది, ఒక పొద్దున పసుపు నలుపు రెక్కలు ఆరబెట్టుకుంటూ నిమ్మ సీతాకోకచిలుకగా బయటికొచ్చింది. మొక్కకి ఏమీ కాలేదు. నెల తిరిగేసరికి మళ్ళీ చిగుళ్ళు వేసింది.

కుండీల్లో కూరగాయలు ఎలా పండించాలో చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను చెప్పాలనుకున్నది వేరే. ఒక జీవిని తీసేసే ముందు, లేదా దానికి తిండి పెట్టే ముందు, అది ఎవరి మీద ఆధారపడుతోందో, దాని మీద ఎవరు ఆధారపడ్డారో కాసేపు చూడండి. అలా చూడటం ఎలాగో, దేన్ని చూడాలో, ఎక్కడ చెయ్యి పెట్టాలో ఎక్కడ పెట్టకూడదో నాకు తెలిసినంత వరకు వరసగా రాస్తున్నాను. సొంత ఇల్లు, పెరడు అక్కర్లేదు. రెండు కుండీలున్నా సరిపోతుంది.

మొదట ఒక కుర్చీ

రోజూ ఒకే చోట, ఒకే సమయానికి పది నిమిషాలు కూర్చోండి. పొద్దున ఆరూ ఆరున్నర మధ్య అయితే చాలా మంచిది, కుదరకపోతే సాయంత్రం ఐదు తర్వాత. ఫోన్ లోపల పెట్టి రండి. టీ తెచ్చుకోవచ్చు. మొదటి రెండు వారాలు కొత్త మొక్క తేవద్దు, గింజలు చల్లవద్దు, ఏదీ మార్చవద్దు, ఊరికే చూడండి. చోటు మార్చకుండా కూర్చోమంటున్నది ఎందుకంటే, మొదట్లో మిమ్మల్ని చూసి ఎగిరిపోయే పిట్టలు కొన్నాళ్ళకి మీరూ కుండీల్లో ఒక కుండీ అనుకుంటాయి. మా ఉడుత నేను కూర్చున్నా నా కాలి పక్కనుంచే పోవడానికి పద్దెనిమిది రోజులు పట్టింది.

ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకుని మూడే విషయాలు రాయండి: ఎవరొచ్చారు, ఏం చేశారు, పక్కన ఇంకెవరున్నారు. పేరు తెలియకపోతే "తోక కింద ఎరుపు, తలమీద నల్ల జుట్టు" అని రాస్తే చాలు (అది పికిలిపిట్ట, బుల్బుల్ అంటాం కదా, అదే). ఆ మూడోది, పక్కన ఇంకెవరున్నారు అనేది చాలామంది రాయరు. అసలు సంగతంతా అందులోనే ఉంటుంది.

నీళ్ళు

మన ఎండలకి, ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో, మీరు చేయగలిగిన అతి సులువైన సాయం ఇది. రోడ్డు పక్కన కుండలమ్మేవాళ్ళ దగ్గర వెడల్పాటి మట్టి మూకుడు కొనండి. లోతు రెండంగుళాలు మించొద్దు. మధ్యలో రెండు మూడు గరుకు రాళ్ళు నీళ్ళపైకి కనపడేలా పెట్టండి, తేనెటీగలు వాటి మీద వాలి మునిగిపోకుండా తాగుతాయి. నీడలో, పిల్లులు పొంచి ఉండలేని చోట పెట్టాలి.

నీళ్ళు రోజూ మార్చడం ఒక్కటే చాలదు. డెంగీ దోమ గుడ్లు నీటి అంచున గిన్నె గోడకే అంటుకుంటాయి, నీళ్ళు పారబోసినా అక్కడే ఉంటాయి, ఎండినా నెలల తరబడి చావవు. కాబట్టి వారానికి రెండుసార్లు కొబ్బరిపీచుతో గోడలు గట్టిగా రుద్ది కడగండి. ఈ పని చేసే ఓపిక లేకపోతే మూకుడు పెట్టకపోవడమే మంచిది, ఇది మాత్రం ఖచ్చితంగా చెప్తున్నాను.

ఎవరి ఆకు ఎవరికి

సీతాకోకచిలుకలు రావాలని అందరూ పూల మొక్కలు కొంటారు. పూలు తల్లికి భోజనం మాత్రమే, గుడ్లు పెట్టాలంటే పిల్లలు తినగలిగే ఆకు కావాలి, ఒక్కో రకానికి ఒక్కో ఆకు. నిమ్మ సీతాకోకకి కరివేపాకు సంగతి చెప్పాను కదా, నిమ్మ ఆకైనా సరే. ఖాళీ ప్లాట్లలో, రైలు పట్టాల పక్కన కనిపించే జిల్లేడు మీద నారింజ రంగు రెక్కల ప్లెయిన్ టైగర్ పెరుగుతుంది. దాని గొంగళికి తెలుపు, నలుపు, పసుపు చారలుంటాయి. జిల్లేడు పాలలో ఉన్న చేదు విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది కాబట్టి పిట్టలు దాని జోలికి పోవు. (ఆ పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం, పిల్లలున్న ఇంట్లో పెంచొద్దు, బయట చూడండి.) ఆముదం మొక్కకి దాని సీతాకోక ఉంది. బతుకమ్మలో పేర్చే మన తంగేడుకి కూడా పాలిపోయిన తెలుపు, లేత పసుపు రెక్కలవి వస్తాయి.

ఇంట్లో ఉండాల్సిన మొక్క ఒక్కటే చెప్పమంటే తులసి అంటాను. కాకపోతే గుబురుగా రావాలని పూల వెన్నులు తుంచేస్తుంటాం. రెండు తులసి కుండీలు పెట్టుకుని ఒకదాన్ని అస్సలు తుంచకండి. దాని మీద పొద్దున తొమ్మిది గంటలప్పుడు జరిగే హడావిడి చూశాక తుంచాలనిపించదు. మందార, దానిమ్మ ఉంటే తేనెపిట్ట వస్తుంది.

గులాబీ ఆకు అంచున ఎవరో కత్తెరతో గుండ్రంగా కోసినట్టు కనిపిస్తే టెన్షన్ పడకండి. ఆకుకోత తేనెటీగ అని ఒకటుంది, ఆ ముక్కలు చుట్టి పిల్లలకి గది కడుతుంది. ఏ వెదురుబొంగు కన్నంలోనో ఉంటుంది దాని ఇల్లు. ఒక వైపు కణుపు మూసి ఉన్న జానెడు వెదురు ముక్కలు ఓ పది కట్టగట్టి వాన తగలని చోట వేలాడదీస్తే అవి వచ్చి చేరతాయి.

మందు కొట్టే ముందు ఒక వారం

ఇక్కడ ఎక్కువసేపు ఆగాలి. ఎందుకంటే నేను పెద్ద తప్పు చేసింది ఇక్కడే.

చిక్కుడు పాదు లేత కొనలకు నల్లగా పేనుబంక (మొక్క రసం పీల్చే చిన్న చిన్న పురుగులు) పట్టింది. ఒక దుకాణంలో ఇచ్చిన పురుగుమందు తెచ్చి కొట్టాను. రెండు రోజుల్లో శుభ్రం. మూడో వారానికి ముందుకన్నా రెండింతలు పట్టింది. ఎందుకలా అయిందో తర్వాత అర్థమైంది. ఆ మందుకి పేనుబంకతో పాటు దాన్ని తినేవాళ్ళూ చచ్చిపోయారు. పేనుబంక వారం పది రోజుల్లో మళ్ళీ పిల్లల్ని పెడుతుంది, మగదానితో పనిలేకుండానే కంటుంది. దాన్ని తినే అక్షింతల పురుగు (లేడీబర్డ్) అంత తొందరగా పెరగదు.

కాబట్టి ఈసారి మీ చిక్కుడుకో, బెండకో పేనుబంక పడితే ఒక భూతద్దం తీసుకుని (కోఠిలో వంద, నూటయాభైకి దొరుకుతుంది) దగ్గర కూర్చోండి. ముందు చీమలు కనిపిస్తాయి. ఒక చీమ పేనుబంక దగ్గరికి వెళ్ళి మీసాలతో దాని వీపు మీద తట్టుతుంది, వెనక నుంచి ఒక తియ్యటి చుక్క వస్తుంది, చీమ తాగేస్తుంది. ఆవు పొదుగు తట్టి పాలు పిండుకున్నట్టే. ఊరికే తాగి పోదు, కాపలా కాస్తుంది. అక్షింతల పురుగు వస్తే మీదపడి తరిమేస్తుంది. మా ఊళ్ళో నాట్లప్పుడు ఈ రోజు నీ పొలానికి నేనొస్తే రేపు నా పొలానికి నువ్వు రావాలన్నట్టు ఉండేది, ఇదీ అంతే, ఇచ్చిపుచ్చుకోవడం. ప్రకృతిలో సహకారం అంటే ఏదో గొప్ప ప్రేమ అని ఊహించుకోనక్కర్లేదు. రెండు వైపులా లెక్క సరిపోతుంది కాబట్టే అది నిలబడుతుంది. నాకైతే ఈ లెక్క తెలిశాక దాని మీద గౌరవం పెరిగిందే గానీ తగ్గలేదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది: చీమల దారి ఆపడం. పందిరి కర్రకి, కాడ మొదటికి జిగురు పూసిన టేపు చుట్టండి. కాపలావాళ్ళు రాకపోతే అక్షింతల పురుగులు దిగుతాయి. ఎర్రటి గుండ్రటి పెద్దపురుగును అందరూ గుర్తుపడతారు, దాని పిల్ల మాత్రం నల్లగా, పొడుగ్గా, చిన్న మొసలిలా ఉంటుంది, దాన్ని చూసి ఇదేదో చీడ అని నలిపేస్తారు. దయచేసి నలపకండి. అన్నిటికన్నా ఎక్కువ తినేది అదే. మందార మీద పిండినల్లి పట్టినప్పుడు కూడా ఇదే కథ, అక్కడా చీమలే కాపలా.

వారం చూసినా తగ్గకపోతే నీళ్ళు గట్టిగా చిమ్మి కడగండి. అప్పటికీ ఉంటే లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నురగ కలిపి, తేనెటీగలు తిరగని సాయంత్రం పూట, పట్టిన కొమ్మ మీద మాత్రమే కొట్టండి.

మా పై ఫ్లోర్ ఆంటీ ఒకసారి "ఏంటమ్మా, ఇన్ని చీమలున్నా మందు కొట్టవా?" అన్నారు. "ముగ్గులో బియ్యప్పిండి వేసి పెంచింది మన అమ్మమ్మలే కదా ఆంటీ" అన్నాను. ఆ మాటకి ఆవిడ మెత్తబడ్డారు, మరుసటి శుక్రవారం గుమ్మం ముందు రాతిపిండి బదులు బియ్యప్పిండితో చిన్న ముగ్గు కనిపించింది.

వంకాయ పువ్వు దగ్గర చెవి పెట్టండి

వంగపువ్వు మధ్యలో పసుపు గొట్టాలు గుత్తిగా ఉంటాయి. పుప్పొడి వాటి లోపల ఉంటుంది, బయటికి రావడానికి కొనలో సన్నని రంధ్రం తప్ప దారి లేదు, ఉప్పు చల్లుకునే డబ్బాలాగా. మామూలు తేనెటీగ వాలితే పెద్దగా రాలదు. గండుతుమ్మెద, లేదా పొట్ట మీద నీలం చారలున్న చిన్న తేనెటీగ వస్తుంది చూడండి, అది గొట్టాల్ని కౌగిలించుకుని రెక్కలు ఆడించకుండానే ఒళ్ళంతా అదిరేలా చేస్తుంది. అప్పుడు దాని శబ్దం మారుతుంది, ఎగిరేటప్పటి ఝుమ్మనే మోత ఒక్కసారి సన్నగా, పైస్థాయికి పోతుంది. పుప్పొడి జలజలా రాలుతుంది. వంగపువ్వులో తేనె ఉండదు, ఆ పుప్పొడే దాని కూలి, పిల్లలకి పట్టుకెళ్తుంది. పోతూ పోతూ మీ వంకాయ కాయించి పోతుంది. టమాటాకీ ఇదే పద్ధతి.

ఎత్తు అంతస్తుల్లో ఉండి ఈ ఈగలు రాకపోతే, బ్యాటరీతో నడిచే టూత్‌బ్రష్ వెనక భాగాన్ని పువ్వు కాడకు రెండు సెకన్లు ఆనించండి. పుప్పొడి పొగలా రాలుతుంది. పిల్లలకి చూపించండి, మర్చిపోరు.

ఈ నీలం చారల తేనెటీగ తెట్టె పెట్టదు, ఒంటరిగా మట్టిలో బొరియ చేసుకుంటుంది. అందుకే ఒక కుండీని ఖాళీగా, ఎర్రమట్టితో, నీళ్ళు పోయకుండా ఎండలో వదిలేయండి. సాయంత్రాలు మగవి పది పదిహేను ఒకే ఎండుపుల్లను దవడలతో కరిచి పట్టుకుని వరసగా నిద్రపోతాయి. నేను చూసిన అందమైన దృశ్యాల్లో అదొకటి. ఎండుపుల్లలన్నీ విరిచి శుభ్రం చేసే అలవాటుంటే అది కనబడదు.

సొరపువ్వు పొద్దుగూకాక తెల్లగా విచ్చుకుంటుంది, దానికి రాత్రి తిరిగే రెక్కల పురుగులే దిక్కు. అవి రాకపోతే మగపువ్వు తుంచి ఆడపువ్వుకి మీరే రాయాలి. రాత్రంతా బాల్కనీ లైటు వెలగనివ్వకండి, ఆ పురుగులు దారి తప్పుతాయి.

బూజు దులిపేటప్పుడు

సంక్రాంతికో, ఉగాదికో ఇల్లంతా బూజు దులుపుతాం. ఇంటి లోపల దులుపుకోండి, బాల్కనీ మూల, మొక్కల మధ్య సాలెగూళ్ళు మాత్రం వదలండి. తేనెపిట్ట కట్టే సంచిలాంటి గూడు నిలబడేది సాలీడు దారంతోనే. దర్జీపిట్ట ఆకుల అంచులు కుట్టేది కూడా పత్తి పోగులు, నారతో పాటు ఆ దారంతోనే. సాలీడు లేని ఇంట్లో వీళ్ళకి దారం అమ్మేవాళ్ళు ఎవరూ లేరు.

గూడు కట్టడం మొదలైతే ఆ కొమ్మను, ఆ బట్టల తీగను నెలరోజులు వాళ్ళకి ఇచ్చేయండి. ఫోటో కోసం ఆకులు పక్కకి జరపవద్దు, ఆ దారి చూసే కాకి వస్తుంది.

గోడ మూల మట్టిగూడు కట్టే కందిరీగ గురించి కూడా ఒక మాట. కీటకం భ్రమరాన్నే ధ్యానిస్తూ భ్రమరం అయిపోతుందని భ్రమరకీటక న్యాయం అని పెద్దలు చెప్తారు కదా, ఆ ఊహ ఇక్కడి నుంచే పుట్టి ఉంటుంది. కందిరీగ ముందు గూట్లో గుడ్డు పెట్టి, తర్వాత గొంగళిని కుట్టి, కదలకుండా చేసి తెచ్చి పక్కన పెట్టి మూసేస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ గొంగళిని తిని కందిరీగై బయటికొస్తుంది. మనుషుల జోలికి ఇవి దాదాపు రావు. మీ వంగ, టమాటా మీది గొంగళుల్ని ఏరుకుపోయేది ఇవే కాబట్టి ఆ మట్టి మరకను గోడ మీద ఉండనివ్వండి.

కళ్ళు మూసుకుని వినడం

మూడు నాలుగు వారాలు కూర్చున్నాక ఇది ప్రయత్నించండి. ఉడుత ఒకే స్వరంతో "చిక్ చిక్ చిక్" మని ఆగకుండా అరుస్తోందంటే తల పైకెత్తండి. పిల్లి అయినా, షిక్రా అనే చిన్న డేగ అయినా దగ్గర్లో ఉంటుంది. బుల్బుల్ అందుకుంటుంది, గోరింక అందుకుంటుంది, కాకులు చేరతాయి. మా పక్క వేపచెట్టు మీద షిక్రా వాలినప్పుడు నాలుగు జాతులు కలిసి దాన్ని తరిమిన రోజు నా పుస్తకంలో రెండు పేజీలుంది. మామూలుగా ఒకదాని తిండి ఒకటి లాక్కునేవే ఇవన్నీ.

పెద్ద చెట్లున్న కాలనీలో, కేబీఆర్ పార్కులో, బొటానికల్ గార్డెన్‌లో బూడిదరంగు పిట్టలు ఆరేడు కలిసి నేలమీద గెంతుతూ గోలగోలగా తిరుగుతాయి. హిందీలో సాత్ భాయ్ (ఏడుగురు అన్నదమ్ములు) అంటారు. గుంపంతా ఆకులు తిరగేస్తుంటే ఒకటి మాత్రం కొమ్మ మీద కాపలా ఉంటుంది, దాన్ని వెతికి పట్టుకోండి. గూట్లో పిల్లలకి తల్లిదండ్రులే కాదు, గుంపులో మిగతావీ తిండి తెచ్చి పెడతాయి.

మట్టి కింద, మేడి లోపల

చిక్కుడు కాపు అయిపోయాక మొక్కను పీకి పారేయకుండా వేళ్ళు కడిగి చూడండి. ఆవగింజల నుంచి మిరియాల దాకా బుడిపెలుంటాయి. ఒకటి గోటితో కోస్తే లోపల గులాబీ రంగు కనిపిస్తే, అందులో రైజోబియం బ్యాక్టీరియా బాగా పనిచేస్తోందని అర్థం. గాలిలోని నత్రజనిని మొక్క వాడుకునేలా మార్చి ఇస్తుంది, బదులుగా మొక్క దానికి చక్కెర ఇస్తుంది. ఆ వేళ్ళను ముక్కలు చేసి తర్వాత పాలకూర వేసే కుండీలో కలిపేయండి.

మేడిపండు పొట్ట విప్పితే పురుగులుంటాయని చిన్నప్పటి నుంచి వింటూ ఉన్నాం. ఆ పురుగులు లేకపోతే మేడి లేదు, మర్రి లేదు, రావి లేదు. మనం పండు అనుకునేది నిజానికి లోపలికి మడిచిన పూలగుత్తి. గుండుసూది తలంత కందిరీగ సన్నని కన్నంలోంచి రెక్కలు తెగిపోయినా లెక్కచేయక లోపలికి దూరి, పూలకి పుప్పొడి అందించి, గుడ్లు పెట్టి అక్కడే చనిపోతుంది. దాని ఆడపిల్లలు పుప్పొడి మోసుకుని ఇంకో చెట్టు వెతుక్కుంటూ పోతాయి. మీ వీధిలో మేడిచెట్టుంటే రాలిన కాయ ఒకటి కోసి భూతద్దంతో చూడండి, ఈసారి అసహ్యం వేయదు.

వానాకాలం, చలికాలం

జూన్‌లో మొదటి పెద్ద వాన పడ్డ సాయంత్రం ఏ పనున్నా ఆపి డాబా ఎక్కండి. ఉసిళ్ళు లేస్తాయి. కాకులు, గోరింకలు, నల్లటి ఏట్రింతలు, గద్దలు, లైటు దగ్గర బల్లులు, అందరికీ ఒకే విందు. నగర శివార్లలో ఎర్రనేల ఉన్న చోట ఆరుద్ర పురుగులు మఖమల్ ముక్కల్లా బయటికొస్తాయి. సీసాలో పట్టి తేకండి. చలికాలంలో అయితే అమీన్‌పూర్ చెరువుకి ఒక ఆదివారం పొద్దున్నే వెళ్ళండి. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. ఫిబ్రవరిలో ప్రపంచమంతా ఇంటి చుట్టూ పిట్టల్ని లెక్కపెట్టే నాలుగు రోజులు వస్తాయి, మీ నోటుబుక్కులోది ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో ఎక్కించండి, బాల్కనీ లెక్క కూడా లెక్కే.

చేయకూడనివి, చేయాల్సి వచ్చేవి

పావురాలకి గింజలు చల్లొద్దు. ఇది చెప్తే కొంతమందికి కోపం వస్తుందని తెలుసు. అవి ఇప్పటికే ఎక్కువైపోయాయి, గూటి చోట్లన్నీ ఆక్రమిస్తాయి, ఎండిన రెట్టల దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. పిచ్చుకల కోసం అయితే సంక్రాంతికి వరికంకుల కుచ్చు వేలాడదీయండి, పాతకాలం పద్ధతే, వేలాడే కంకిని పట్టుకుని తినడం పావురానికి కష్టం.

పాము కనిపిస్తే కర్ర తీయకండి, దూరంగా నిలబడి అది ఎటు పోతోందో మాత్రం చూస్తూ పాముల్ని చంపకుండా పట్టి తీసుకెళ్ళే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్ళకి ఫోన్ చేయండి. వాళ్ళ నంబరు ఇప్పుడే వెతికి గోడకి అతికించుకోండి.

పిట్టపిల్ల కింద పడితే ముందు ఈకలు చూడండి. ఈకలు రాని పసిగుడ్డు అయితే మెల్లగా తీసి గూట్లో పెట్టేయండి, మనిషి చెయ్యి తగిలితే తల్లి వదిలేస్తుందన్నది నిజం కాదు. ఈకలొచ్చి, తోక పొట్టిగా ఉండి, గెంతుతూ ఉంటే అది ఎగరడం నేర్చుకుంటోంది. ఇంట్లోకి తేవద్దు, పాలు, అన్నం పెట్టొద్దు. పిల్లికి అందని గుబురు కుండీలో కూర్చోబెట్టి, తలుపు వేసి, కిటికీ కర్టెన్ సందులోంచి చూస్తూ ఉండండి. కాసేపట్లో పక్క తీగ మీద తల్లి వాలుతుంది, నోట్లో పురుగుతో, అటూ ఇటూ చూసుకుంటూ.